స్థానం నరసింహారావుగారు: స్త్రీపాత్రధారణము, చిత్రసాక్ష్యము

ఆంధ్రదేశమున ఆధునిక నాటకము పుట్టిన నాటి నుండి సుమారు డెబ్బది యేండ్లపాటు సమాజ నాటకములలో స్త్రీపాత్రలను విశేషముగా ధరించినవారు పురుషులే. కృష్ణుడును సత్యభామయు, బిల్వమంగళుడును చింతామణియు, విప్రనారాయణుడును దేవదేవియు, ఇట్టి జంటలలో ఇరువురును పురుషులై యుండుట ఆనాటి ప్రేక్షకులకు వింత గాదు. నేడు ఆ జంటల ఛాయాచిత్రములను చూచు విద్యార్థికి అది వింతగనే తోచును. చూచువాని కన్ను మారినది గాని చిత్రము మారలేదు. ఆ చిత్రములను ఏ విధముగ చదువవలెను అను ప్రశ్నకు స్థానం నరసింహారావుగారి జీవితముకంటె చక్కని ఆధారము తెలుగున మరియొకటి కానరాదు.

నరసింహారావుగారు 1902వ సంవత్సరము సెప్టెంబరు 23వ తేదీన గుంటూరు మండలమునందలి బాపట్లలో జన్మించిరి. తండ్రి హనుమంతరావుగారు, తల్లి ఆదెమ్మగారు. వారు రంగస్థలమున ప్రవేశించుట యాదృచ్ఛికముగ జరిగినది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకము ప్రదర్శింపవలసిన నాడు చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చుటకు నరసింహారావుగారు ఆ వేషము కట్టిరి. పదునెనిమిదేండ్ల యువకుడు ఒక్క రాత్రి అవసరమునకు ధరించిన స్త్రీవేషము నలువది యేండ్లకు పైబడిన కళాజీవితమునకు నాంది యయ్యెను.

ఆ అవసరము ఎట్లేర్పడినదో తెలిసికొనుటకు కొంత వెనుకకు పోవలెను. 1880లో కందుకూరి వీరేశలింగంపంతులుగారు రాజమహేంద్రవరమున విద్యార్థులచే నాటకము లాడించిరి. బళ్లారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులవారు సరసవినోదినీ సభ ద్వారా నాటకమునకు ప్రతిష్ఠ కల్పించిరి. పిమ్మట పట్టణ పట్టణమున సమాజములు వెలసెను. వీనిలో చేరినవారు న్యాయవాదులు, ఉపాధ్యాయులు, వైద్యులు, విద్యార్థులు. తమ యిండ్ల స్త్రీలను రంగమెక్కించుటకు వారు సిద్ధముగ లేరు. ఆటపాటలు కులవృత్తిగా గల కళావంతుల స్త్రీలతో కలిసి నటించుటయు వారికి గౌరవహానిగ తోచెను. వీరేశలింగంపంతులుగారు మొదలైన సంస్కర్తలు భోగముమేళములను బహిష్కరింపుడని బోధించుచున్న కాలమది. ఇంటి స్త్రీ రాదు, మేళపు స్త్రీ రాగూడదు. ఈ రెంటి నడుమ ఏర్పడిన శూన్యమును పూరించినవాడు స్త్రీవేషధారియగు పురుషుడు.

ఈ వ్యవస్థ అనివార్యమని తలచుట పొరపాటు. 1885లో వనారస గోవిందరావుగారు కడప మండలమునందలి సురభి గ్రామమున నెలకొల్పిన నాటక సమాజమున ఆ కుటుంబముల స్త్రీలే స్త్రీపాత్రలను ధరించిరి. కళావంతుల స్త్రీలు గోదావరి మండలములలో భామాకలాపమును తరతరములుగ ఆడుచునే యుండిరి. కనుక స్త్రీలు దొరకకపోలేదు. మర్యాదస్థుల రంగస్థలము వారిని పిలువలేదు. ఈ భేదమును మనసున నుంచుకొనియే నరసింహారావుగారి కళను విచారింపవలెను.

బాపట్లలో పేరు వచ్చిన తరువాత వారు తెనాలిలోని శ్రీరామవిలాస సభలో చేరిరి. తెనాలి ఆనాడు నాటకమునకు పుట్టినిల్లు. మాధవపెద్ది వెంకట్రామయ్య, గోవిందరాజుల సుబ్బారావు మొదలైన మేటి నటులు ఆ ప్రాంతమున వెలసిరి. సత్యభామ, చింతామణి, దేవదేవి, మధురవాణి, చిత్రాంగి, రోషనార మొదలైన పాత్రలు నరసింహారావుగారి పేరుతో పెనవేసికొనిపోయెను. వీనిలో పౌరాణిక నాయిక కలదు, చారిత్రక నాయిక కలదు, సాంఘిక నాటకపు వేశ్య కలదు. ఒక పాత్ర నడక మరియొక పాత్రకు రానీయకుండుటయే వారి సాధన యొక్క లక్ష్యము. వేషభూషల యెడ వారు చూపిన శ్రద్ధ ప్రసిద్ధము.

వానిలో సత్యభామ వారి పేరునకు పర్యాయపద మయ్యెను. ముత్తరాజు సుబ్బారావుగారి శ్రీకృష్ణతులాభారము కథ అందరెరిగినదే. భర్తను పూర్తిగ తనవానిని చేసికొనవలెనను కోరికతో సత్య నారదుని మాట నమ్మి వ్రతము చేయును, కృష్ణుని దానమిచ్చును, వానిని తిరిగి పొందుటకు ఎత్తు బంగారము తూచబూనును. ఇంటనున్న బంగారమంతయు త్రాసున పడినను కృష్ణుడు తేలడు. తుదకు రుక్మిణి ఉంచిన తులసిదళమునకు త్రాసు మ్రొగ్గును. గర్వము నుండి భయమునకు, భయము నుండి సిగ్గునకు, సిగ్గు నుండి శరణాగతికి సాగు ఈ యానమున పాత్ర ఎచ్చటను హాస్యాస్పదము గారాదు, ఎచ్చటను దీనత్వమున కరగిపోరాదు. ఈ నాటకమున సత్యభామ తన భర్త తన యాన మీరలేడని ధీమాగ పాడుకొను పాట నరసింహారావుగారే రచించి చేర్చుకొన్నది. ఒక నటుడు తాను ధరించు స్త్రీ నోటికి తానే మాటలు కూర్చుట గమనింపదగిన విషయము. ఆ పాట రంగస్థలమును దాటి తెలుగువారి యిండ్లలోనికి ప్రవేశించినది.

ఈ సత్యభామ వెనుక పెద్ద సంప్రదాయ మున్నది. కూచిపూడి భాగవతులలో సిద్ధేంద్రయోగి పేర ప్రసిద్ధమైన భామాకలాపమును పురుషులే ఆడిరి. అందు సత్య తన జడ చూపి సవాలు చేయుట, తెరవెనుక నుండి పాత్ర ప్రవేశము చేయుట, వియోగమున లేఖ వ్రాయుట ఒక్కొక్కటియు ఒక్కొక్క అభినయ పరీక్ష. ఆ పాత్ర నృత్యప్రధానము. నాటకరంగపు సత్యభామ వాచికప్రధానము. నరసింహారావుగారి ప్రతిభ ఈ రెంటి నడుమ నున్నది. పద్యమును రాగము కొరకు సాగదీయు అలవాటు ప్రబలియున్న ఆ రోజులలో మాటకును చూపునకును నిలుపునకును ప్రాధాన్యమిచ్చుట వారి మార్గము. మైక్రోఫోను లేని పందిరిలో, హార్మోనియపు శ్రుతికి, వందలకొలది జనమునకు వినబడునట్లు పురుషకంఠము పలుకవలెను. ఆ పలుకు స్త్రీ పలుకుగ తోచవలెను. సన్నని గొంతుతో అనుకరించినచో అది నవ్వు పుట్టించును. కనుక కంఠమును మార్చుటకంటె మాట తీరును, విరుపును, మౌనమును మార్చుట స్త్రీవేషధారికి శరణ్యము. శరీరమున లేనిదానిని ప్రేక్షకుని ఊహలో నిర్మించుటయే ఈ కళ.

వారు ధరించిన పాత్రలలో వేశ్యాపాత్రలు గణనీయముగ నుండుట మరియొక విశేషము. కాళ్లకూరి నారాయణరావుగారి చింతామణి, విప్రనారాయణ కథలోని దేవదేవి, గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కములోని మధురవాణి, మువ్వురును ఆ కులమునకు చెందినవారే. ఏ స్త్రీలను రంగమెక్కనీయరాదని సమాజము నిశ్చయించినదో ఆ స్త్రీల కథలనే ఆ రంగము మరల మరల చెప్పుకొన్నది. ఆ కథలను పలికినది మాత్రము పురుషుడు.

ఈ వైపరీత్యమును గురజాడవారు తమ నాటకముననే పొదిగియుంచిరి. కరటకశాస్త్రి తన శిష్యునకు ఆడవేషము వేసి లుబ్ధావధానులకిచ్చి పెండ్లి చేయును. పిల్లవాడొక వృద్ధునకు భార్యయగును. ఆ మోసము వలననే ఒక బాలిక వైధవ్యపు ముప్పు నుండి తప్పించుకొనును. తుదియంకమున మధురవాణి పురుషవేషము ధరించి సౌజన్యారావుపంతులను కలియును. వేశ్యను దర్శింపను అని వ్రతము పట్టినవాడు ఆ వేషము మూలమున ఆమెతో మాటలాడును, ఆమె బుద్ధికి ఆశ్చర్యపడును. ఈ ఘట్టమును పురుషనటుడు ధరించునపుడు పరీక్ష రెట్టింపగును. అతడు స్త్రీయైన పురుషుడు. ఆ స్త్రీ మరల పురుషుడగును. పైనున్న కోటును తలపాగాను చూచి ప్రేక్షకుడు లోనున్న స్త్రీని గుర్తింపవలెను. ఆ స్త్రీకి లోనున్న నటుని మరువవలెను. మధురవాణిగ నరసింహారావుగారు పొందిన కీర్తికి ఈ కష్టమే కొలబద్ద. సౌజన్యారావుపంతులు ఎదుట నిలిచిన ఆ వేషధారిణి, నాటకశాల వెలుపల నిలిపివేయబడిన కళావంతుల స్త్రీకి ప్రతినిధి యని చెప్పిన అతిశయోక్తి గాదు.

ఆ కాలముననే దీనికి ఎదురు మాట యొకటి వినబడినది. బళ్లారి రాఘవాచార్యులవారు స్త్రీపాత్రలను స్త్రీలే ధరింపవలెనని వాదించి, కొమ్మూరి పద్మావతీదేవి మొదలైన విద్యావతులగు స్త్రీలతో కలిసి నటించిరి. రాఘవగారి వాదమునకు బలము సహజత్వము. నరసింహారావుగారి కళకు బలము కల్పన. ఒకరు నటి రావలెననిరి; ఒకరు నటి లేని చోట నాయికను సృష్టించి చూపిరి. తెలుగు రంగస్థలము ఇరువురిని సమానముగ పూజించినది. రాఘవగారు పిలిచిన స్త్రీలును విద్యావంతుల కుటుంబములవారే యగుట గమనింపవలెను. వంశక్రమముగ కళ గలిగిన స్త్రీకి ఈ రెండు మార్గములలోను చోటు చాలినంత దొరకలేదు. 1947లో మద్రాసు శాసనము దేవదాసీ సమర్పణమును నిషేధించినది. బాలికల బలవంతపు సమర్పణమును ఆపుట మంచిదే. కాని ఆచారముతో పాటు ఆ స్త్రీల ఆటపాటలకు గల గౌరవస్థానమును తొలగిపోయెను. కొందరు గ్రామఫోనునకును సినిమాకును చేరిరి. అనేకులు మౌనము వహించిరి.

ఇక చిత్రసాక్ష్యమును విచారింతము. పురుషుడు పురుషునితో జంటకట్టిన చిత్రములు ఆంధ్రదేశమునకే పరిమితములు గావు. అమెరికాలో ఎడిసన్ ప్రయోగశాలయందు సుమారు 1894–95 ప్రాంతమున శబ్దమును చిత్రమును జతపరచుటకై జరిగిన ప్రయోగమున డిక్సన్ వయొలిన్ వాయించుచుండగా ఇరువురు పురుషులు ఒకరినొకరు పట్టుకొని నృత్యము చేయుదురు. చలనచిత్రపు శైశవమునందలి దృశ్యమది. బ్యూనస్ ఐరిస్ నగరమున పుట్టిన టాంగో నృత్యమునకు స్త్రీపురుషుల ఆలింగనము ప్రాణము. అయినను ఇరువదవ శతాబ్ది తొలినాళ్ల ఛాయాచిత్రములలో వీధులయందు పురుషులు పురుషులతో టాంగో ఆడు దృశ్యములు కలవు. ఐరోపా పోస్టుకార్డులపై ఇరువురు స్త్రీలు కలిసి ఆడు బొమ్మలును కలవు. ఆ నగరమునకు పని వెదకికొని వచ్చిన వలసదారులలో పురుషులు స్త్రీలకంటె మిక్కిలి యెక్కువ. మర్యాదగల ఇంటి పిల్ల బహిరంగముగ ఆ నృత్యము చేయరాదు. యువకుడు ముందు పురుషునితో అభ్యసించి పిదప స్త్రీతో ఆడవలెను. మన సమాజ నాటకములకును ఈ స్థితికిని పోలిక స్పష్టము.

ఈ చిత్రములను చదువుటలో రెండు తొందరలు కలవు. జంటలోని అనురాగమును చూచి ఆ వ్యక్తుల స్వంత జీవితమును నిర్ణయించుట మొదటిది. స్త్రీలు లేకుండుట వలన జరిగినది గావున అందు రాగమే లేదని త్రోసివేయుట రెండవది. చిత్రము ఈ రెంటిలో దేనిని నిరూపింపదు. అది రెండు శరీరములను, ఒక భంగిమను, ఒక క్షణమును మాత్రమే చూపును. అభ్యాసము, అభావము, ఆనందము, అనురాగము, ఇవి యన్నియు ఆ భంగిమయందు ఇముడవచ్చును. కృష్ణవేషధారి చేయి సత్య భుజముపై నున్న ఛాయాచిత్రమున పరిశోధకునకు నిశ్చయముగ తెలియునది ఒక్కటే: ఆ జంటను వేలకొలది ప్రేక్షకులు దంపతులుగ అంగీకరించి, వారి విరహమునకు కన్నీరు కార్చిరి. పురుషునియందు స్త్రీని చూడగల శక్తి ఆ సమాజమునకుండెను. స్త్రీని స్త్రీగ రంగముపై చూచు ధైర్యము దానికి లేకుండెను.

చలనచిత్రము ఈ ఒప్పందమును మార్చినది. 1913లో ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్రలో తారామతి వేషము కట్టినది అన్నా సాళుంకే యను పురుషుడు. 1917లో లంకాదహనమున రాముడును సీతయు అతడే. మూగచిత్రమున కంఠము లేదు గనుక అది సాధ్యమైనది. మహారాష్ట్ర రంగమున స్త్రీపాత్రధారణమునకు శిఖరమైన బాలగంధర్వులు 1935లో ధర్మాత్మ చిత్రమున పురుషపాత్ర ధరించిరి. 1937లో సాధ్వీ మీరాబాయిగ నటించినను రంగస్థల వైభవము తెరపై వారికి లభింపలేదు. తెలుగున తొలి టాకీయైన భక్తప్రహ్లాదలో లీలావతిని ధరించినది సురభి కమలాబాయి. అనగా తెలుగు తెర మొదటి నాడే స్త్రీని స్త్రీగ స్వీకరించినది. ఆ స్త్రీయు పురుషులు ఆడవేషము కట్టు సమాజముల నుండి రాలేదు, స్త్రీలే ఆడిన సురభి నుండి వచ్చినది.

నరసింహారావుగారును రాధాకృష్ణ (1939), సత్యభామ (1942) చిత్రములలో నటించిరి. వారి కీర్తికి మాత్రము తెర పునాది కాలేదు. రంగస్థలమున నటునకును ప్రేక్షకునకును నడుమ పది గజముల దూరముండును. ఆ దూరమున దీపపు వెలుగు, రంగు, పద్యము, ప్రేక్షకుని ఊహ కలిసి పనిచేయును. కెమెరా ఆ దూరమును చెరిపివేయును. చెక్కిలిపై రంగు రంగుగనే కనబడును. స్త్రీపాత్రధారి కళ దూరమును ఆశ్రయించిన కళ. ఆ దూరము పోయినచో అతని నేర్పునకు ఆధారము పోవును. ఇది నటుని లోపము గాదు, సాధనముల భేదము. పుష్పవల్లి వంటి నటీమణులు కథానాయికలైన ఆ కాలమున తెరకు స్త్రీవేషధారి అవసరమును లేకపోయెను.

రంగస్థలమున వారి గౌరవము తగ్గలేదు. 1938లో రంగూనులో బంగారు కిరీటముతో సత్కరింపబడిరి. 1956లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదమిచ్చినది. అంతలోనే వారి పాత్రలు ఒక్కొక్కటిగ స్త్రీల చేతికి చేరజొచ్చెను. 1955లో వెలువడిన కన్యాశుల్కము చిత్రమున మధురవాణి సావిత్రి. లుబ్ధావధానులు తెనాలి నటులైన గోవిందరాజుల సుబ్బారావుగారే. 1966లో వచ్చిన శ్రీకృష్ణతులాభారము చిత్రమున సత్యభామ జమున. ఆమె పెరిగిన దుగ్గిరాల తెనాలికి చేరువ గ్రామము. నరసింహారావుగారు కూర్చిన ధీమాపాట ఆ చిత్రమున పి. సుశీల కంఠమున మరల వినబడినది. పురుషుడు ఊహించి స్త్రీ నోట పెట్టిన మాట తుదకు స్త్రీ నోటికే చేరినది.

ఈ పరిణామమును తెలుగుదేశము వెలుపల ఒకచోట పోల్చిచూచిన దాని విలువ తేటపడును. 1955లో సోవియట్ ప్రభుత్వముతో కుదిరిన ఒడంబడిక ననుసరించి దుర్గ్ మండలమునందు భిలాయి ఉక్కు కర్మాగారము నిర్మాణమయ్యెను. 1959 ఫిబ్రవరి 4న అందు తొలి కొలిమి ప్రారంభమయ్యెను. పనికై వచ్చిన తెలుగువారనేకులు అచ్చటనే స్థిరపడిరి. పాటలలోను కథలలోను తులాభారపు సత్యను ఎరిగిన వారికి ఆ పరిసర గ్రామములలో నాచా యను జానపద నాటకము ఎదురయ్యెను. అందును ఆడవేషము పురుషునిదే. తలపై చెంబు నిలిపి నర్తించు ఆ పాత్రను పరీ యందురు. సమీపమునందలి రాజనాందగావ్ ప్రాంతమున దావూ మందరాజీ ఈ నాటకమునకు హార్మోనియము చేర్చి కొత్త రూపమిచ్చెను. కిరీటములును బిరుదములును లేని ఆ పల్లె నటుల కళయు ఊహను ఆశ్రయించినదే.

1958లో హబీబ్ తన్వీర్ ఆ నాచా నటులను ఆరుగురిని ఢిల్లీకి తీసికొనిపోయెను. పిమ్మట అతని నాటకములలోనికి దేవార్ కులమునకు చెందిన ఫిదాబాయి, మాలాబాయి వచ్చిరి. దేవారులు ఆటపాటలు వృత్తిగా గలవారు. వారి స్త్రీలను లోకము మన కళావంతులను చూచినట్లే చిన్నచూపు చూచినది. అతని చరణదాస్ చోర్ నాటకపు తొలిరూపము 1974లో భిలాయియందే ఆరుబయట వేదికపై ప్రదర్శింపబడినది. పూర్తిరూపము పొందిన ఆ నాటకమున రాణి పాత్ర ఫిదాబాయిది; ఆ పాత్ర ఆమెకు దేశమంతట పేరు తెచ్చినది. అచ్చట ఆడవేషధారి తరువాత రంగమునకు వచ్చినది ఆ కళ పుట్టుకతో గల స్త్రీ. మన సమాజ నాటకమున ఆ వరుస కుదురలేదు. మనకు స్త్రీవేషధారి తరువాత నాయిక వచ్చినది; మేళపు స్త్రీ తన పేరుతో, తన కళతో మరల రాలేదు.

నరసింహారావుగారు తమ అనుభవమును నటస్థానము అను గ్రంథముగ వెలువరించిరి. స్త్రీపాత్రధారణమును గూర్చి ఆ పాత్రధారియే వ్రాసిన పుస్తకము తెలుగు నాటకశాస్త్రమున విలువైనది. 1971 ఫిబ్రవరి 21న వారు కాలధర్మము నొందిరి. కూచిపూడిలో ఆ విద్యను వేదాంతం సత్యనారాయణశర్మగారు (1935–2012) మరికొంతకాలము ఉన్నతస్థితిలో నిలిపిరి. అప్పటికే వెంపటి చినసత్యంగారు మదరాసున 1963లో స్థాపించిన అకాడమీలో బాలికలు భామాకలాపమును అభ్యసించుచుండిరి.

స్థానంవారి సత్యభామ ఛాయాచిత్రమును చూచునపుడు అందు ముగ్గురను లెక్కింపవలెను. కనబడు నటుడు ఒకరు. అతడు సృష్టించిన నాయిక ఒకరు. ఆ చోట నిలువవలసియుండి నిలువనీయబడని స్త్రీ ఒకరు. మొదటివానికి చరిత్ర కిరీటమిచ్చినది. రెండవయామెకు పాటయు ప్రేక్షకుల ప్రేమయు దక్కినవి. మూడవయామె పేరు పెక్కు గ్రంథములలో లేదు. నరసింహారావుగారి ప్రతిభను ఎంత పొగడినను తరుగదు. ఆ ప్రతిభ ఏ శూన్యమును నింపినదో చెప్పకుండ పొగడినచో మాత్రము చరిత్ర సగమే చెప్పినట్లగును.